వరంగల్ నుంచి ఢిల్లీ: విమానమా, రైలా?

మ్యాపు మీద గీత గీస్తే వరంగల్ నుంచి ఢిల్లీ సుమారు 1,200 కిలోమీటర్లు. శంషాబాద్ నుంచి సుమారు 1,260. అంటే ఢిల్లీకి మనమే దగ్గర! అయినా విమానం ఎక్కాలంటే ముందు దక్షిణానికి దిగి శంషాబాద్ పోవాల్సిందే. నిజాం కాలం నాటి మామునూరు విమానాశ్రయం మూతపడి దశాబ్దాలు దాటింది.

టికెట్ మీద విమాన ప్రయాణం రెండుంపావు గంటలు అని ఉంటుంది. నిజంగా గాల్లో వేగంగా సాగేది గంటన్నర లోపే. మిగతాది రన్‌వే దాకా నెమ్మదిగా పోవడం, పైకెక్కడం, కిందికి దిగడం. దానికి హన్మకొండ నుంచి ఘట్‌కేసర్, ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా మూడు మూడున్నర గంటల కారు, విమానాశ్రయంలో రెండు గంటల ముందు హాజరు, ఢిల్లీలో దిగాక ఇంకో గంట కలపండి. మొత్తం దాదాపు తొమ్మిది గంటలు. తెల్లవారుజామున విమానమైతే రాత్రి నిద్ర లేనట్టే.

రైలుకు దాదాపు 24 గంటలు. కాజీపేటలోనో వరంగల్‌లోనో ఎక్కితే బల్లార్షా, నాగ్‌పూర్, భోపాల్ మీదుగా నేరుగా న్యూఢిల్లీ. స్లీపర్‌లో 40 కిలోల సామాను ఉచితం. విమానంలో మామూలుగా 15 కిలోలే. ఢిల్లీలో చదివే పిల్లలకు బియ్యం, తొక్కు మోసుకెళ్లే అమ్మానాన్నలకు ఇక ఆలోచనే అక్కర్లేదు.

ఇంటర్వ్యూ ఉంటే మాత్రం నేను విమానమే అంటాను. ఆలస్యమైన రైల్లో కూర్చుని టెన్షన్ పడలేం. మంచిర్యాల, రామగుండం వాళ్లకు శంషాబాద్ ఇంకా దూరం కాబట్టి రైలు వైపే మొగ్గు ఎక్కువ.