ట్రాక్టర్ లింకు వంగితే ఏది మేలు: వంకర తీయడమా, వెల్డింగా, కొత్తదా?

గొర్రు నేలలో ఉండగానే మలుపు తిప్పినా, చెక్ చైన్లు (లింకులు పక్కలకు ఎక్కువగా ఊగకుండా ఆపే గొలుసులు) వదులై పనిముట్టు పక్కలకు ఊగినా ముందు దెబ్బ తినేది కింది లింకే, అంటే ట్రాక్టర్ వెనక పనిముట్టును పక్క నుంచి పట్టి లేపే ఇనుప చేయి. ఇంటి దగ్గరే బాగుచేసుకోవాలంటే మూడు దారులున్నాయి. ఒకే లింకు మీద మూడూ ప్రయోగించేవాళ్లూ ఉన్నారు, అది వేరే సంగతి! నా లెక్కలో మాత్రం ఏ భాగం, ఎక్కడ పాడైందో చూశాకే ఏ దారో తేల్చుకోవాలి.

లింకు మధ్యలో కొద్దిగా వంగిందంతే అయితే వంకర తీయడమే మేలు. అదీ చల్లగా ఉన్నప్పుడే, హైడ్రాలిక్ ప్రెస్ కింద, నిదానంగా. ఒత్తిడి వదలగానే ఇనుము కొంత వెనక్కి వస్తుంది కాబట్టి తిన్నగా అయ్యేదాకా కాకుండా ఆవలికి ఒక పిసరు ఎక్కువే నొక్కాలి. పక్కన దారం లాగి పట్టుకుంటే మిగిలిన వంపు తెలిసిపోతుంది. సమ్మెట దెబ్బలకు వంకర పోతుంది గానీ సొట్టలు మిగులుతాయి, తర్వాత పగులు మొదలయ్యేది వాటి దగ్గరే. గ్యాస్ మంటతో కాల్చి వంచడం సులువే, కానీ ఈ లింకులు చాలావరకు వేడితో గట్టిపరిచిన ఉక్కు. నీడలో ఎర్రగా కనిపించేంత కాలిస్తే ఆ గట్టితనం పోయి, మళ్లీ అక్కడే వంగుతుంది. కాల్చాక నీళ్లు పోస్తే ఇంకా ప్రమాదం: పెళుసెక్కి, వంగకుండానే పుటుక్కున విరగొచ్చు.

వంకర తీశాక పని అయిపోలేదు. తుప్పూ పెయింటూ వైరు బ్రష్‌తో గీకేసి, వంగిన చోట కిరోసిన్ పూసి పావుగంట ఆగండి. గుడ్డతో పొడిగా తుడిచి సుద్దపొడి రాయండి. పగులుంటే లోపల దాగిన కిరోసిన్ పైకి ఊరి, తెల్లటి పొడి మీద వెంట్రుకంత తడి గీత పడుతుంది. గీత కనిపించిందా, ఆ లింకు పాత ఇనుములోకే.

వెల్డింగ్ దేనికి పనికొస్తుందంటే, చివర్న పిన్ను దూరే గుండు (బాల్) అరిగి గలగలలాడే లింకుకు. వెల్డింగ్ పెట్టుకునే కొత్త చివరలు విడిగా దొరుకుతాయి. పాతది కోసి కొత్తది అతికేటప్పుడు పొడవు తేడా రాకూడదు, వస్తే పనిముట్టు వంకరగా నడుస్తుంది. ఆరబెట్టిన 7018 రకం వెల్డింగ్ రాడ్డు వాడి, ముందు లింకును 150–200 డిగ్రీల దాకా వెచ్చబెట్టి, తర్వాత బూడిదలోనో పొడి ఇసుకలోనో కప్పి మెల్లగా చల్లారనివ్వాలి. లింకు ట్రాక్టర్‌కు ఉండగా వెల్డింగ్ వద్దు, విప్పి కింద పెట్టి చేయండి. కరెంటు బేరింగుల గుండా పోతే చిన్న రిపేరు కాస్తా పెద్దదవుతుంది. విరిగిన లింకును నడిమధ్య అతికించి బరువు మోయించడం మాత్రం నేను ఒప్పుకోను.

పనిముట్టును లింకులకు తగిలించే పిన్నుల విషయంలో చర్చే లేదు, కొత్తవే వేయాలి. అరిగిన పిన్ను మీద వెల్డింగ్ పోసి గ్రైండర్ పట్టించినా, మామూలు బోల్టు దూర్చినా ఎక్కువ కాలం నిలవదు. బోల్టుకు మరలున్న చోటే కోత పడుతుంది. కొనేటప్పుడు సైజు చూసుకోండి: కేటగిరీ అంటే లింకుల సైజు తరగతి. కేటగిరీ 1కి కింది పిన్ను 22 మి.మీ., టాప్ లింక్ (పనిముట్టును పైన మధ్యలో పట్టే లింకు) పిన్ను 19. కేటగిరీ 2కి 28, 25. పెద్ద రంధ్రంలో చిన్న పిన్ను వేయాల్సి వస్తే మధ్యలో బుష్ (ఖాళీ నింపే చిన్న గొట్టం) తప్పనిసరి.

టాప్ లింక్ తుప్పుతో బిగుసుకుపోతే నూనె పట్టించి ఒక రాత్రి వదిలేస్తే చాలావరకు కదులుతుంది. అయితే ఒక కొసన ఎడమ మర, ఇంకో కొసన కుడి మర ఉంటాయని మరచిపోయి బలవంతం చేయొద్దు. మర తెగినా, గొట్టం వంగినా కొత్తది తెచ్చుకోవడమే. లిఫ్ట్ ఆర్మ్ (కింది లింకులను పైకెత్తే చేయి), పోత ఇనుప బ్రాకెట్ల లాంటివీ అంతే, ఇంట్లో అతికే పని పెట్టుకోవద్దు.

ఏ దారి పట్టినా, విప్పే ముందు పనిముట్టును నేల మీదకు దించి ఇంజిన్ ఆపేయండి. లిఫ్ట్ నమ్ముకుని దాని కింద దూరొద్దు. బిగించాక చెక్ చైన్లు సరిచేయండి: రోటావేటర్‌కు బిగుతుగా, నాగలికి కొంచెం ఊగే వీలుతో. ఎంత వదులైనా లింకు టైరుకు తగలకూడదు. పనిముట్టును పైకెత్తి రెండు పక్కలకూ నెట్టి చూస్తే ఆ సంగతి అక్కడే తేలిపోతుంది.