ఎర్రగుడి కొండ: జనం లేని చోట ఒక మంచి నడక

గుత్తి కోట చూడటానికి వచ్చేవారిలో చాలామంది, అక్కడి నుంచి పత్తికొండ దారిలో పదిహేను కిలోమీటర్ల లోపే ఉన్న ఎర్రగుడి కొండను చూడకుండా తిరిగిపోతారు. సెలవురోజుల్లో గండికోట లోయ అంచు జనంతో కిక్కిరిసిపోతుంది కనుక, కర్నూలు, అనంతపురం వైపు ప్రశాంతంగా నడవదగిన కొండ ఏదని అడిగినవారికి నేను మొదట చెప్పేది ఈ పేరే.

ఎత్తైన శిఖరం కోరుకునేవారికి ఇది సరిపోదు. ఎండుగడ్డి, ముళ్లకంపల నడుమ పెద్ద పెద్ద గుండ్లతో నిండిన చిన్న కొండ ఇది. అయితే క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో అశోకుడు బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో చెక్కించిన 14 ప్రధాన శిలాశాసనాలు, వాటితోపాటు లఘు శాసనాలు కూడా ఈ గుండ్ల మీదే ఉన్నాయి. రెండు రకాలూ ఒకేచోట దొరకడం చాలా అరుదు. లఘు శాసనంలో కొన్ని పంక్తులు, పొలంలో ఎద్దులు చాలు చివర మళ్లి వచ్చినట్టు, కుడి నుంచి ఎడమకు సాగుతాయి. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేయడం, దారుల వెంట బావులు తవ్వించి చెట్లు నాటించడం గురించి ప్రధాన శాసనాల్లో రెండవది చెబుతుంది. వానకోసం ఆకాశం వైపు చూసే ఈ మెట్టనేలలో నిలబడి ఆ మాటలను తలచుకున్నప్పుడు కలిగే కదలిక, పుస్తకంలో చదివినప్పుడు నాకు ఎన్నడూ కలగలేదు. కళింగ యుద్ధం తరువాతి పశ్చాత్తాపాన్ని తెలిపే 13వ శాసనంలో ఆంధ్రుల పేరు కూడా వస్తుందన్నది తెలుగువారు గుర్తుంచుకోదగిన విషయం.

లోపాలూ లేకపోలేదు. కొండ మీద నీడ తక్కువ, లిపిని చదివి వివరించేవారు దొరకరు. అందువల్ల శాసనాల తెలుగు అనువాదాన్ని ముందుగానే చదువుకొని, తాగునీరు వెంట తీసుకొని వెళ్లాలి. మిట్టమధ్యాహ్నం అక్షరాలు సరిగా కనబడవు. ఏటవాలు వెలుగు పడే ఉదయమో సాయంత్రమో అనుకూలం. అంతేకాని, కనబడలేదని సుద్దముక్కతో రుద్దడం, నీళ్లు చల్లడం ఎంతమాత్రం తగదు.

తొలకరి తరువాత దగ్గరలోని జొన్నగిరి పొలాల్లో వజ్రాలు వెతికేవారి సందడి ఉంటుంది కనుక, నిశ్శబ్దం కోరేవారికి కార్తీకం నుంచి మాఘం వరకు మంచి కాలం. గుత్తి రైల్వే జంక్షన్ కాబట్టి అక్కడి వరకు రావడం సులువే. ఆపైన సొంత వాహనం గానీ, తిరుగు ప్రయాణానికి కూడా మాట్లాడుకున్న ఆటో గానీ ఉండటం మేలు.