వైన్ అరోమా వీల్: వాసనకి మాటలు దొరికాయి, రుచికి మాత్రం మనమే వెతుక్కోవాలి

తాగిన వైన్ బాగుందని ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాయాలంటే నాకు చాలాకాలం ‘నైస్’, ‘స్మూత్’ తప్ప ఇంకో మాట వచ్చేది కాదు. సీసా వెనక లేబుల్ చూసి ‘ఎలిగెంట్’, ‘కాంప్లెక్స్’ అని రాసేదాన్ని. నెల తర్వాత ఆ నోట్సు తీసి చూస్తే అన్నీ ఒకేలా ఉండేవి, ఏది ఏ వైనో తెలిసేది కాదు. అందుకే వైన్‌లో తగిలే వాసనల పేర్లు రాసున్న ఈ అరోమా వీల్ తెప్పించుకున్నాను.

చూడటానికి రంగురంగుల గుండ్రటి అట్ట, అంతే. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆన్ నోబుల్ 1980ల్లో రూపొందించారు. లోపలి వలయంలో పండ్లు, పువ్వులు, మసాలాలు, చెక్క, మట్టి లాంటి 12 పెద్ద గుంపులు ఉంటాయి, బయటికి వెళ్లేకొద్దీ వాసన పేరు ఇంకా కచ్చితమవుతుంది. ముందు ‘ఏదో పండు వాసన’ అనిపిస్తుంది, అది నిమ్మజాతిదా బెర్రీనా అని మధ్య వలయంలో చూస్తాం, బెర్రీ అనుకుంటే స్ట్రాబెర్రీనా రాస్ప్‌బెర్రీనా అని చివరి వలయంలో తేల్చుకుంటాం. ‘ఎలిగెంట్’ లాంటి మాటలు ఇందులో ఎక్కడా లేవు, నాకు అన్నిటికంటే నచ్చింది అదే. చాలావరకు మనం ఎప్పుడో ఒకప్పుడు వాసన చూసిన వస్తువులే.

ఇవన్నీ ఊహలనుకునేదాన్ని, కాదు. సిరా (Syrah) అనే ద్రాక్షతో చేసే ఎర్ర వైన్‌లో మిరియాల వాసన వస్తుందంటే మిరియాల్లో ఉండే రోటండోన్ అనే పదార్థమే ఆ ద్రాక్షలోనూ ఉంటుంది. సోవిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల వైన్‌లో క్యాప్సికమ్ వాసనకి కారణం పైరజీన్లనే పదార్థాలు, అవి క్యాప్సికమ్‌లోనూ ఆ ద్రాక్షలోనూ ఉన్నాయి. ఈ సంగతి తెలిశాక ధైర్యంగా రాయడం మొదలుపెట్టాను. ఏదైనా వాసన పట్టుకోలేకపోతే పెద్దగా వాసన లేని తెల్ల వైన్‌లో ఆ వస్తువు చిన్న ముక్క వేసి, కాసేపయ్యాక తీసేసి వాసన చూడండి, ముక్కుకి బాగా గుర్తుండిపోతుంది.

లోటు ఏంటంటే, ఇది వాసనల వరకే. పులుపు, వగరు, నోట్లో బరువు, ఇవేవీ ఇందులో లేవు, కానీ ఒక వైన్ హాయిగా అనిపించేది సగం వాటివల్లే కదా! ఇంగ్లీషులో ఎక్కువమంది తడబడేదీ అక్కడే. నాలుక పట్టేసినట్టుంటే ‘డ్రై’ అని రాసేస్తారు, నిజానికి డ్రై అంటే తీపి లేదని మాత్రమే. ఆ పట్టేసే గుణం ద్రాక్ష తొక్కల నుంచి, గింజల నుంచి వచ్చే టానిన్ అనే పదార్థానిది, బాగా మరిగిన టీ తాగినప్పుడు ఉంటుందే, అది. పులుపు చురుగ్గా, శుభ్రంగా తగిలితే ‘క్రిస్ప్’. టానిన్ ఉన్నా గరుకుగా లేకపోతే ‘సాఫ్ట్’ చాలు.

ఇప్పుడు నా నోట్సులో రెండే వాక్యాలు ఉంటాయి, మొదటిది వీల్ చూసి, రెండోది నాలుకని అడిగి. నిన్నటిది ఇదీ: ‘స్మెల్స్ లైక్ లెమన్ అండ్ కట్ గ్రాస్. లైట్, క్రిస్ప్, నాట్ స్వీట్ అట్ ఆల్.’ ఇది చదివితే నిన్నటి గ్లాసు మళ్లీ నా ముందుకొస్తోంది. ఐదుకి నాలుగు ఇస్తున్నాను, ఆ ఒక్కటీ టానిన్‌కి చోటు లేనందుకు తగ్గించాను.