జపాను వేలం నుంచి గుంటూరు ఇంటి దాకా: ఒక కారు దిగుమతి ఏజెన్సీ పనితీరు

విదేశాల్లో వాడిన కార్లను తెప్పించి పెడతామంటూ విజయవాడ బందరు రోడ్డులో కార్యాలయం నడుపుతున్న ఒక ఏజెన్సీ ద్వారా, రెండేళ్లు కూడా నిండని టయోటా జీఆర్‌86 కారును జపాను నుంచి గుంటూరుకు తెప్పించుకున్నాను. రవాణాకు సంబంధించిన ఒక లెక్క మా మధ్య ఇంకా తేలలేదు కనుక ఏజెన్సీ పేరు రాయడం లేదు. బండి ఓడ ఎక్కేవరకు వీరు చేసిన పనికి ఐదుకు ఐదు మార్కులు వేయవచ్చు. ఓడ దిగిన తరువాత చేసిన పనికి రెండు వేయడం కూడా ఉదారమే. ఇలాంటి ఏజెన్సీ చేతిలో పెట్టే రుసుము ఏ పనికి చెల్లుతుందో, ఏ పనికి చెల్లదో ముందే తెలుసుకోగోరే వారి కోసం ఈ వివరాలు.

నేను మొదట అడిగింది ఈ కారును కాదు. నా వయసువారిలో చాలామందికి ఉన్నట్టే నాకూ నిస్సాన్ స్కైలైన్ జీటీఆర్ మీద, అందులోనూ 1999 నుంచి 2002 వరకు తయారైన ఆర్34 మీద మోజు. కార్యాలయంలో నాతో మాట్లాడిన పెద్దాయన నా మాట పూర్తి కాకముందే, "అది అమెరికా వాళ్లకు దొరుకుతుందండీ, మనకు దొరకదు" అనేశారు. అమెరికాలో పాతికేళ్లు నిండిన కారుకు అక్కడి భద్రతా ప్రమాణాల నుంచి మినహాయింపు ఉంది. మన విదేశీ వాణిజ్య విధానం ఇందుకు పూర్తిగా తలకిందులు; వాడిన కారు తయారై మూడేళ్లు మించకూడదంటుంది. స్టీరింగు కుడివైపు ఉండాలి, స్పీడోమీటరు కిలోమీటర్లలో చూపాలి, హెడ్‌లైట్ల వెలుగు రోడ్డుకు ఎడమవైపున నడిచే పద్ధతికి సరిపడేలా పడాలి, దిగుమతైన నాటి నుంచి కనీసం ఐదేళ్లు రోడ్డు మీద తిరగగల స్థితిలో ఉంటుందని, ఆ కాలమంతా సర్వీసు సదుపాయం ఉంటుందని హామీ ఇవ్వాలి, బండిని దించుకోవడం కూడా ముంబయి రేవులోనే జరగాలి. ఈ షరతులను ఆయన నోటిమాటగా చెప్పి ఊరుకోలేదు. నోటిఫికేషను ప్రతిని నా ముందు పెట్టి, ఒక్కొక్క వాక్యం కింద పెన్సిలుతో గీత గీసి మరీ చూపించారు. కమీషను మీద బతికే మనిషి గుమ్మంలోకి వచ్చిన బేరాన్ని అలా వెనక్కి తిప్పడం, ఆటోనగర్‌లో నాలుగు బండ్లు కొన్నవారెవరికైనా వింతగానే తోస్తుంది.

మూడేళ్ల నిబంధనలో ఒక మెలిక ఉంది. జపాను పత్రాల్లో కనిపించేది ఆ కారు మొదటిసారి రిజిస్టరైన నెల. మన నిబంధన అడిగేది తయారైన నెల. కర్మాగారం నుంచి బయటికి వచ్చి కొన్ని నెలలు షోరూములో నిలిచిపోయిన బండి, కాగితం మీద వయసు తక్కువగా కనిపించి, ముంబయిలో దిగేసరికి గడువు దాటిపోవచ్చు. అందుకని వీరు ఛాసిస్ నంబరు ఆధారంగా తయారీ నెలను విడిగా రాబట్టుకుంటారు. ఓడ ప్రయాణాన్నీ రేవులో జరిగే ఆలస్యాన్నీ కలుపుకుని, రెండేళ్లు దాటిన కారు జోలికే వెళ్లరు. బ్రిటనులోనూ కుడివైపు స్టీరింగే కదా అని అడిగితే, అక్కడి స్పీడోమీటర్లు మైళ్లలో ఉంటాయని, దాన్ని మార్చి ఒప్పించడం కన్నా జపాను కారు తీసుకోవడమే సుఖమని చెప్పారు. ఆ మాట సబబుగానే ఉంది.

ఏజెన్సీ అసలు సత్తా తెలిసింది వేలం షీటు దగ్గర. జపానులో వేలానికి వచ్చే కారుకు తనిఖీదారు రాసిన ఒక కాగితం ఉంటుంది. పై మూలలో గ్రేడు, అంటే 4.5, 4, 3.5 వంటి అంకె. ప్రమాదంలో దెబ్బతిని బాగుచేసిన బండి అయితే అంకె బదులు ‘ఆర్’ అనే అక్షరం. కింద కారు బొమ్మ గీసి ఉంటుంది, దాని మీద ‘ఏ’ అంటే గీత, ‘యూ’ అంటే సొట్ట, ‘డబ్ల్యూ’ అంటే మరమ్మతు చేసిన చోట మిగిలిన అల, పక్కన అంకె పెరిగినకొద్దీ దెబ్బ పెద్దది. ఇంతవరకు కొంచెం ఓపిక ఉంటే ఎవరైనా నేర్చుకోవచ్చు. నాకు ఎంతో నచ్చిన నీలం కారు ఒకటి గ్రేడు 4తో వచ్చినప్పుడు, పెద్దాయన గ్రేడును పట్టించుకోకుండా అడుగున చేతిరాతతో ఉన్న జపనీస్ వాక్యం మీద వేలు పెట్టారు. అడుగుభాగంలో తుప్పు ఉందని దాని అర్థం. వేలం సప్పోరోలో, అక్కడ, అంటే హొక్కైడో దీవిలో, చలికాలంలో రోడ్ల మీద మంచు గట్టకుండా ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పు బండి పొట్ట కిందికి చేరుతుంది. నీలం కారు అక్కడితో సరి.

చివరికి ఖాయం చేసుకున్న తెల్ల కారుకు గ్రేడు 4.5, లోపలి భాగానికి ‘బి’ గ్రేడు, ఎడమ తలుపు మీద ‘ఏ1’, వెనుక బంపరు మీద ‘యూ1’. బండి ఇంటికి చేరిన రోజు షీటును చేత్తో పట్టుకుని కారు చుట్టూ తిరిగి చూశాను. గీత ఎక్కడుందని రాశారో అక్కడే, గోరంత పొడవున ఉంది, అంతకు మించి మరొకటి లేదు. డ్రైవరు తలుపు తెరిస్తే అంచున ఆయిలు మార్చినప్పుడు అతికించిన చిన్న స్టిక్కరు కనిపించింది. దాని మీద తేదీ జపాను చక్రవర్తుల శకం లెక్కలో ఉంది, రేయివా 6, అంటే 2024. పక్కన రాసిన కిలోమీటర్లు షీటులోని అంకెకు పొంతన కుదిరే విధంగానే ఉన్నాయి. మన దగ్గర పాత బండి కొనేవారికి మీటరు మీద ఇంత నమ్మకం కుదరడం అరుదు.

ఖర్చు దగ్గర మాత్రం మొదటి అంచనా కాగితమే తప్పుదోవ పట్టించింది. అందులో వేలంలో పలికిన ధర మీద సుంకం వేసి చూపారు. కస్టమ్స్ వారు వాడిన కారు విలువ కట్టే తీరు వేరు: ఆ కారు కొత్తగా ఉన్నప్పటి ధర తీసుకుని, మొదటి ఏడాది ప్రతి మూడు నెలలకు 4 శాతం, రెండో ఏడాది 3 శాతం చొప్పున తరుగు తీసివేసి, ఓడ కిరాయి, బీమా కలుపుతారు. ఈ లెక్కన రెండేళ్లు నిండినా తగ్గేది 28 శాతమే కనుక, వేలంలో చవకగా దక్కినా సుంకంలో ఆ చవక కనిపించదు. ఇలా తేలిన విలువ 20 లక్షలు అనుకుందాం. 2025 బడ్జెట్ తరువాత వాడిన కార్లపై కస్టమ్స్ సుంకం 70 శాతం, వ్యవసాయ మౌలిక సదుపాయాల సెస్సు 67.5 శాతం, రెండూ కలిసి 27.5 లక్షలు. అప్పటికి 47.5 లక్షలైన మొత్తం మీద, 2025 సెప్టెంబరు 22 నుంచి ఇలాంటి పెద్ద ఇంజను కార్లకు అమలవుతున్న 40 శాతం జీఎస్టీ మరో 19 లక్షలు. మొత్తం 66.5 లక్షలు. రాష్ట్రంలో కట్టే జీవిత పన్ను, బీమా, ఏజెన్సీ రుసుము దీనికి పైన. 20 లక్షల వస్తువుకు 46.5 లక్షల పన్ను కట్టేవాడికి మతి లేదని మా ఇంట్లో తీర్పు వెలువడింది; దాని మీద నేను అప్పీలుకు వెళ్లలేదు. సరిచేసిన అంచనాను ఏజెన్సీ వెంటనే ఇచ్చిన మాట నిజమే గాని, నేను గట్టిగా అడిగాకే ఇచ్చింది.

ఓడ దిగిన తరువాతి కథ వేరు. ఎగుమతికి ముందు చేయించిన పరీక్ష ధ్రువపత్రం చాలదు. ఇక్కడికి వచ్చాక అహిల్యానగర్‌గా పేరు మారిన అహ్మద్‌నగర్‌లోని వీఆర్‌డీఈ, పుణెలోని ఏఆర్‌ఏఐ అనే వాహన పరిశోధన సంస్థలు, మధ్యప్రదేశ్ బుద్నీలోని కేంద్ర వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ, ఈ మూడింటిలో ఒకచోట మళ్లీ పరీక్షకు నిలబెట్టాలి. మా బండి పుణె వెళ్లింది. అంతవరకు ప్రతి అడుగుకూ ఫోటో పంపిన ఏజెన్సీ అక్కడి నుంచి మౌనం వహించింది. కారణమేమంటే మహారాష్ట్రలో వీరికి సొంత మనిషి లేడు, పనిని మరొకరికి అప్పగించారు, ఆ మరొకరు ఫోను ఎత్తరు. అక్కడి నుంచి మూసిన లారీలో పంపుతామని డబ్బు తీసుకుని తెరచిన క్యారియరులో పంపారు. ఆటోనగర్‌లో దించేటప్పుడు ర్యాంపు వాలు మరీ ఎక్కువ కావడంతో ముందు బంపరు కింది అంచు గీసుకుపోయింది. పక్క షెడ్డులోని మెకానిక్ కుర్రాళ్లు చెక్క పలకలు తెచ్చి వాలు తగ్గించి, వేళ్లతో సందు కొలుచుకుంటూ అంగుళం అంగుళం దించకపోతే బంపరే మిగిలేది కాదు. ఎవరూ పురమాయించకుండా, పైసా అడగకుండా వాళ్లు చేసిన ఆ పని, రుసుము తీసుకున్నవారు చేయించవలసింది.

రిజిస్ట్రేషనులోనూ ఇదే తేడా కనిపించింది. మన కార్లకు ఛాసిస్ నంబరు 17 అక్షరాలు. జపానులో అమ్మిన కారుకు అలా ఉండదు, ‘జెడ్‌ఎన్8’ అని మొదలై, అడ్డగీత తరువాత వరుస అంకెలు ఉంటాయి. కస్టమ్స్‌లో దాఖలు చేసే బిల్ ఆఫ్ ఎంట్రీ మొదలుకొని రిజిస్ట్రేషను దరఖాస్తు అయిన ఫారం 20 దాకా ప్రతి కాగితంలోనూ అది ఒకేలా ఉండాలి. జపాను నుంచి వచ్చిన పత్రాలన్నీ అచ్చు గుద్దినట్టు సరిపోయాయి. ఇక్కడ రాయించిన బీమా పాలసీలో మాత్రం ఒక అంకె పోయింది. బ్రేకు ఇన్‌స్పెక్టరు ఛాసిస్ మీద పెన్సిలు రుద్ది తీసుకున్న అచ్చును పాలసీ పక్కన పెట్టి, మర్యాదగానే వెనక్కి పంపారు. పాలసీ సవరించి తేవడానికి నేనే తిరిగాను.

కారు సంగతి క్లుప్తంగా చెబుతాను. టయోటా, సుబారు కలిసి రూపొందించి, సుబారు వారి గున్మా కర్మాగారంలో తయారుచేసే ఈ కారుకు 2,387 సీసీ ఇంజను, 235 పీఎస్ శక్తి. ఆరు గేర్ల మాన్యువల్ లివరు చేతికి చిన్నగా, ఖచ్చితంగా పడుతుంది. మంగళగిరి దాటి కాజ వైపు జాతీయ రహదారి మీద వేకువన నడిపితే పెట్టిన డబ్బు కాసేపు గుర్తుకు రాదు. అరండల్‌పేటలో స్పీడు బ్రేకరు రాగానే గుర్తొస్తుంది, నేలకూ బండికీ మధ్య సందు 130 మిల్లీమీటర్లే మరి. ప్రతి దిమ్మెనూ ఏటవాలుగా ఎక్కించాలి. జపాను ఎఫ్ఎం రేడియో బ్యాండు 76 నుంచి 95 మెగాహెర్ట్జ్ వరకే కాబట్టి మన ఎఫ్ఎం స్టేషన్లలో చాలా భాగం అందవు. హై ఆక్టేన్ పెట్రోలు తాగే ఇంజను ఇది. 20 శాతం ఇథనాల్ కలిసిన మన సాధారణ పెట్రోలు విషయంలో జాగ్రత్త అవసరమని ఏజెన్సీ ముందే రాతపూర్వకంగా చెప్పింది. ఈ మోడలు మన దేశంలో అమ్మకానికి లేదు, సుబారు కంపెనీయే ఇక్కడ లేదు, కాబట్టి బ్రేకు ప్యాడ్లు కూడా అక్కడి నుంచే రావాలి.

వీరి దగ్గరికి వెళ్లదలచినవారు కారు ఎంపిక వరకు నిశ్చింతగా వదిలేయవచ్చు. ముంబయి తరువాతి పనికి విడిగా మరొకరిని కుదుర్చుకోవడం మేలు. కుదరకపోతే లారీ రకం, దారిలో దెబ్బ తగిలితే భరించేదెవరు అనేవి ఒప్పందంలో రాయించుకోవాలి. మూసిన లారీకీ తెరచిన లారీకీ మధ్య తేడా, బంపరు రంగు ఖర్చు కలిపి నేను పంపిన లెక్కకు ఇంతవరకు జవాబు లేదు. ఇంకొక చిన్న పద్దు కూడా అడగాలి: జపానులో కారు కొన్నప్పుడు కట్టే రీసైక్లింగ్ రుసుము, బండి దేశం దాటితే తిరిగి వస్తుంది, అది ఎవరికి చెందుతుందో కాగితం మీద లేకపోతే ఎగుమతిదారు ఖాతాలోకే పోతుంది.