రిమోట్‌తో తిరిగే చవక యాంటెన్నా: న్యూజెర్సీ ఇళ్లలో ఎంతవరకు పనికొస్తుంది?

ముందు తీర్పు చెప్పేస్తాం. న్యూయార్క్‌కీ ఫిలడెల్ఫియాకీ మధ్యలో ఉన్న ప్రిన్స్‌టన్, ప్లెయిన్స్‌బరో ఇళ్లలో 35 నుంచి 60 డాలర్ల దాకా అమ్మే తిరిగే యాంటెన్నా పనిచేస్తుంది. కానీ కదలకుండా ఉండే ఇంకో ఏర్పాటు కాస్త ఎక్కువ ఖర్చుకు అంతకన్నా బాగా పనిచేస్తుంది. ఎడిసన్‌లో మాత్రం దీన్ని కొనవద్దు. డాలస్ దగ్గర ఫ్రిస్కో, ప్లేనోల్లో ఉన్నవాళ్లకు దీని అవసరమే లేదు. అక్కడి పెద్ద స్టేషన్ల టవర్లన్నీ సీడార్ హిల్ మీదే ఉన్నాయి కాబట్టి యాంటెన్నాను ఒకసారి అటు తిప్పి బిగిస్తే చాలు.

కేబుల్ మానేసిన ఇళ్లలో తెలుగు చానళ్లు ఎలాగూ ఇంటర్నెట్ మీదే వస్తున్నాయి. గాల్లో ఉచితంగా వచ్చేవి స్థానిక వార్తలు, తుపాను హెచ్చరికలు, పిల్లలకు పీబీఎస్ అనే ప్రజా ప్రసార సంస్థ కార్యక్రమాలు, ఆదివారం ఫుట్‌బాల్. ప్రిన్స్‌టన్ వైపు ఇళ్లలో పెద్దబ్బాయి న్యూయార్క్ జట్టు జెయింట్స్ అంటాడు, చిన్నబ్బాయి ఫిలడెల్ఫియా జట్టు ఈగిల్స్ అంటాడు. ఆ రెండు ఊళ్ల స్టేషన్లూ ఒకే ఇంట్లో కావాలన్నప్పుడే ఈ యాంటెన్నా ఆలోచన వస్తుంది.

ఇక్కడి దిక్కులు చూడండి. ప్రిన్స్‌టన్ నుంచి న్యూయార్క్‌లోని 1 వరల్డ్ ట్రేడ్ సెంటర్ సుమారు 42 మైళ్లు, ఈశాన్యంగా 54 డిగ్రీల మీద. ఫిలడెల్ఫియా టవర్లుండే రాక్స్‌బరో సుమారు 37 మైళ్లు, నైరుతిగా 235 డిగ్రీల మీద. అంటే ఒకటి ముందు, ఒకటి సరిగ్గా వెనక. ఎడిసన్ నుంచి న్యూయార్క్ 25 మైళ్లే, రాక్స్‌బరో 55 మైళ్లు. మీ ఇంటి లెక్క కోసం రాబిట్‌ఇయర్స్ సైట్‌లో చిరునామా ఇస్తే ఏ స్టేషన్ ఏ దిక్కున, ఎంత బలంగా, ఏ అసలు చానల్ మీద వస్తుందో చెబుతుంది. అది చూడకుండా యాంటెన్నా కొనవద్దు.

ఈ యాంటెన్నాలు పది పేర్లతో అమ్ముడవుతాయి గానీ చాలావరకు ఒకే అచ్చు. తెల్లటి ప్లాస్టిక్ వెన్ను, దాని మీద మడత విప్పితే టక్కుమని నిలిచే అల్యూమినియం పుల్లలు, వెన్ను కింద డబ్బాలో మోటారు, లోపలే సిగ్నల్‌ను పెంచే యాంప్లిఫయర్. ఇంట్లో పెట్టుకునే చిన్న పెట్టె నుంచి అదే కేబుల్ మీదుగా కరెంటు పైకి వెళుతుంది, సిగ్నల్ కిందికి వస్తుంది. రిమోట్ ఆ పెట్టెకు ఎదురుగా పట్టుకుంటేనే పనిచేస్తుంది కాబట్టి పెట్టెను టీవీ వెనక దాచకూడదు.

డబ్బా మీద 150 మైళ్లు, 200 మైళ్లు అని రాసి ఉంటుంది. నమ్మకండి. భూమి గుండ్రంగా ఉండటం వల్ల సిగ్నల్ దాటలేని గీత ఒకటుంది. ఎత్తును అడుగుల్లో రెండింతలు చేసి వర్గమూలం తీస్తే ఆ గీత దాదాపు ఎన్ని మైళ్ల దూరంలో ఉందో తెలుస్తుంది. 1 వరల్డ్ ట్రేడ్ సెంటర్ కొన 1,776 అడుగులు. ప్రసార యాంటెన్నా సరిగ్గా ఆ కొసనే ఉందనుకున్నా 60 మైళ్లు. మీ యాంటెన్నా 30 అడుగుల ఎత్తున ఉంటే ఇంకో 8 మైళ్లు. మొత్తం 68. వాతావరణం అనుకూలించిన తెల్లవారుజామున అంతకు మించి వస్తే రావచ్చు, రోజూ చూసుకునే లెక్కలోకి అది రాదు.

పుల్లల పొడవు చూస్తే అసలు సంగతి తెలిసిపోతుంది. ఇప్పుడు అమెరికాలో టీవీ చానళ్లు మూడు ముక్కలుగా ఉన్నాయి: 2 నుంచి 6, 7 నుంచి 13, 14 నుంచి 36. తెర మీద కనిపించే నంబరు వేరు, గాల్లో వచ్చే చానల్ వేరు, ఇది గుర్తుంచుకోవాలి. పుల్లల జత పొడవు సిగ్నల్ సగం అల పొడవుకు దగ్గరగా ఉంటేనే బాగా పట్టుకుంటుంది. 36వ చానల్‌కు సగం అల పొడవు 25 సెంటీమీటర్లు. 7వ చానల్‌కు 85. 6వ చానల్‌కు 1 మీటరు 76 సెంటీమీటర్లు. ఈ యాంటెన్నా మీద అన్నిటికన్నా పొడవైన జత పుల్లలు ఈ కొస నుంచి ఆ కొసకు రెండడుగులకు అటూఇటూ ఉంటాయి. కనుక 14కు పైన ఉన్నవి బాగా, 7 నుంచి 13 అంతంతమాత్రంగా, 2 నుంచి 6 దాదాపు రానట్టే. న్యూయార్క్‌లో ఏబీసీ వాళ్ల డబ్ల్యూఏబీసీ 7 మీద, డబ్ల్యూపిక్స్ 11 మీద, పీబీఎస్ వాళ్ల డబ్ల్యూనెట్ 12 మీద నడుస్తున్నాయి. ఫిలడెల్ఫియాలో పీబీఎస్ వాళ్ల డబ్ల్యూహెచ్‌వైవై 13 మీద, ఏబీసీ వాళ్ల డబ్ల్యూపీవీఐ 6 మీద. పిల్లల కోసం పీబీఎస్ కావాలనుకునే ఇల్లు ఈ యాంటెన్నా బలహీనంగా ఉన్న చోటే ఆధారపడుతోందన్నమాట. 6 కోసం ఎంత తిప్పినా లాభం లేదు. పాతకాలపు టీవీ మీది రెండు కొమ్ముల యాంటెన్నాను ఒక్కో కొమ్ము 33 అంగుళాలు లాగి పెడితే దీనికన్నా మెరుగు. ఏబీసీ న్యూయార్క్ నుంచి ఎలాగూ వస్తుంటే ఆ శ్రమ కూడా అక్కర్లేదు.

పైకి ఎక్కించే ముందు నేల మీదే పరీక్షించాలి. పెరట్లో ఒక గొట్టానికి తగిలించి, పెట్టె కలిపి, ఒక కొస నుంచి ఇంకో కొస దాకా పూర్తిగా తిప్పండి, తిరిగి వెనక్కి తిప్పండి. లోపలి తీగ మెలిపడకుండా మోటారుకు ఒక హద్దు ఉంటుంది, అక్కడికి వెళ్లి ఆగి వెనక్కి మళ్లుతుంది. హద్దు నుంచి హద్దుకు ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. రిమోట్‌లో యాంటెన్నా ఎటు చూస్తోందో చూపించే ఏర్పాటు ఈ ధరలో ఉండదు కాబట్టి ఈ సెకన్ల లెక్కే మీకు సూచిక. తిరిగేటప్పుడు కరకరమంటూ మోటారు చక్రాల పళ్లు జారిన చప్పుడు వస్తే అప్పుడే వాపసు పంపండి. ఆగాక వెన్నును చేత్తో మెల్లగా పక్కకు కదపండి. కాస్త ఊగడం సహజం. అరచేతి వెడల్పు కన్నా ఎక్కువ ఊగితే గాలికి అదే ఊగుతుంది, బొమ్మ గడులు గడులుగా విరిగిపోతుంది.

రెండో పరీక్ష తిప్పడం వల్ల లాభముందా లేదా అన్నది. 14కు పైన ఉన్న, మరీ బలంగా రాని ఒక స్టేషన్ పెట్టి, టీవీ మెనూలో సిగ్నల్ మీటర్ తెరవండి. అందులో బలం వేరు, నాణ్యత వేరు చూపిస్తే నాణ్యతనే చూడండి. లోపలి యాంప్లిఫయర్ చెత్తనూ కలిపి పెంచుతుంది కాబట్టి బలం గీత ఎప్పుడూ నిండుగానే కనిపిస్తుంది. మంచి దిక్కు దొరికాక అక్కడి నుంచి పావు చుట్టు తిప్పండి, తర్వాత అర చుట్టు. నాణ్యత గట్టిగా పడిపోవాలి. వెనక్కి తిరిగినా పెద్ద తేడా కనిపించకపోతే ఆ యాంటెన్నాకు దిశ లేదు, మోటారు అలంకారమే.

దూరదర్శన్ రోజుల్లో ఒకరు డాబా మీద పైపు తిప్పుతుంటే ఇంకొకరు కింద నుంచి ‘ఇంకాస్త, ఇంకాస్త’ అని కేకేసేవారు. ఆ పద్ధతి ఇక్కడ చెల్లదు. అప్పట్లో చుక్కలు తగ్గుతూ బొమ్మ తేలేది. డిజిటల్‌లో సిగ్నల్ రొదకన్నా సుమారు 15 డీబీ (డెసిబెల్, సిగ్నల్ బలాన్ని పోల్చే కొలత) పైన ఉంటే బొమ్మ పూర్తిగా ఉంటుంది, దిగితే నల్ల తెరే. పైగా ట్యూనర్ పట్టుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. తిప్పుతూ పోతే మంచి చోటు దాటిపోయాక బొమ్మ వస్తుంది. రెండు మూడు సెకన్లు తిప్పి, ఆపి, ఐదు సెకన్లు ఆగి, మీటర్ చూసి మళ్లీ తిప్పాలి.

బిగించేటప్పుడు హద్దు ఎటు ఉండాలో ముందే అనుకోవాలి. స్టేషన్లున్న దిక్కున హద్దు పడితే కొద్ది డిగ్రీల కోసం చుట్టంతా తిరిగి రావాల్సి వస్తుంది. ప్రిన్స్‌టన్‌లో వాయవ్యాన 325 డిగ్రీల దగ్గర పెట్టండి. చుట్టుకు 60 సెకన్లు పట్టే మోటారైతే సెకనుకు 6 డిగ్రీలు. హద్దు నుంచి కుడివైపు 15 సెకన్లకు న్యూయార్క్, 45 సెకన్లకు ఫిలడెల్ఫియా. చలికి మోటారు నెమ్మదిస్తుంది కనుక జనవరిలో ఒకసారి లెక్క సరిచూసుకోవాలి. ఫోన్ దిక్సూచిని అయస్కాంత ఉత్తరం నుంచి నిజ ఉత్తరానికి మార్చుకోకపోతే న్యూజెర్సీలో 12 డిగ్రీలకు పైగా తేడా వస్తుంది, 54 అన్నది 66గా కనిపిస్తుంది. ఇనుప గొట్టానికి ఆనించి చూస్తే ఇంకా తప్పుతుంది, కొన్ని అడుగులు దూరం జరిగి చూడండి.

పెట్టెలో ఇచ్చే సన్న కేబుల్ పక్కన పడేసి బయట వాడకానికి తగిన ఆర్‌జీ6 రకం లావు కేబుల్ వాడండి. 600 మెగాహెర్ట్జ్ దగ్గర మంచి ఆర్‌జీ6 కూడా వంద అడుగులకు 5 డీబీ దాకా తింటుంది, సన్నది ఇంకా ఎక్కువ. పెట్టెకూ యాంటెన్నాకూ మధ్య సిగ్నల్‌ను రెండుగా విడదీసే మామూలు స్ప్లిటర్ పెట్టవద్దు, కరెంటు ఆగిపోతుంది లేదా షార్ట్ అవుతుంది. రెండు టీవీలకు కావాలంటే పెట్టె దాటాకే విడదీయాలి, అక్కడ 3.5 డీబీ పోతుంది. మోటారు కదలకపోతే ముందు కేబుల్ పై కొసన మల్టీమీటర్ పెట్టి, అడాప్టర్ మీద రాసిన వోల్టేజికి దగ్గరగా వస్తుందో లేదో చూడండి. రాకపోతే తప్పు చాలాసార్లు కనెక్టర్‌లో లోపలి తీగకు తగిలిన, కేబుల్ చుట్టూ ఉండే లోహపు అల్లిక పోగుదే. లోపలి యాంప్లిఫయర్ చచ్చిపోతే యాంటెన్నా మొత్తం చచ్చినట్టే, దాన్ని తప్పించి సిగ్నల్ తీసుకునే దారి ఉండదు.

ఎడిసన్‌లో వద్దనడానికి కారణం కూడా ఆ యాంప్లిఫయరే. 25 మైళ్ల నుంచి వచ్చే న్యూయార్క్ సిగ్నల్ ముందే బలమైనది. దానికి తోడు 36వ చానల్ 608 మెగాహెర్ట్జ్ దగ్గర ముగుస్తుంది, 617 నుంచి సెల్‌ఫోన్ టవర్ల ప్రసారం మొదలవుతుంది. చవక యాంప్లిఫయర్‌కు ఆ రెంటినీ వేరుచేసే వడపోత ఉండదు, అన్నిటినీ పెంచబోయి తానే ఉక్కిరిబిక్కిరవుతుంది. దగ్గరి స్టేషనే తెగిపోతూ, వెనక 55 మైళ్ల ఫిలడెల్ఫియా అసలే దొరకని స్థితి వస్తుంది. యాంప్లిఫయర్‌ను ఆపే స్విచ్ లేదు. సెల్‌ఫోన్ సిగ్నల్‌ను ఆపే ఎల్‌టీఈ ఫిల్టర్ కొని పెట్టె దగ్గర పెట్టినా ఉపయోగం లేదు, చెడిపోయేది పైనే.

ఇంట్లో రోజూ విసిగించేది వేరే ఉంది. చాలా టీవీలు చానల్ స్కాన్ చేస్తే పాత జాబితా చెరిపేస్తాయి. న్యూయార్క్ వైపు స్కాన్ చేసి, ఫిలడెల్ఫియా వైపు తిప్పి మళ్లీ స్కాన్ చేస్తే న్యూయార్క్ పోతుంది. మెనూలో చానళ్లు ‘కలుపు’ అనే స్కాన్ ఉన్న టీవీ అయితేనే ఈ యాంటెన్నాతో సుఖం. కొనే ముందు మీ టీవీలో అది ఉందో లేదో చూడండి. ఇక ఒక గదిలో జెయింట్స్, ఇంకో గదిలో ఈగిల్స్ ఒకే సమయంలో చూడటం కుదరదు. రాత్రి రికార్డింగ్ పెట్టుకుంటే యాంటెన్నా అప్పటికి ఎటు తిరిగి ఉందన్నదే ప్రశ్న.

అందుకే ప్రిన్స్‌టన్ వైపు మేము సిఫారసు చేసేది ఇది: నాలుగు జతల సీతాకోకచిలుక పుల్లల యాంటెన్నా కొని, వెనకున్న జల్లెడ రెక్క తీసేయండి. ఆ రెక్క వెనక సిగ్నల్‌ను ఆపేందుకే ఉంది. తీసేస్తే ముందూ వెనకా సమానంగా పట్టుకుంటుంది, ముందువైపు 3 డీబీ దాకా తగ్గుతుంది. ఇక్కడ రెండు ఊళ్లూ సరిగ్గా ఎదురెదురు కాబట్టి ఒకే యాంటెన్నా రెంటినీ చూస్తుంది. 7 నుంచి 13 కోసం కొస నుంచి కొసకు 29 అంగుళాలు ఉండే మామూలు డైపోల్ (ఒకే జత పుల్లల యాంటెన్నా) ఒకటి, రెండూ ఒకే గొట్టానికి కనీసం రెండడుగుల ఎడంతో. డైపోల్‌కు కూడా ముందూ వెనకా ఒకటే. రెంటినీ యూహెచ్‌ఎఫ్-వీహెచ్‌ఎఫ్ కంబైనర్‌తో (14కు పైన చానళ్లు యూహెచ్‌ఎఫ్, 13 దాకా వీహెచ్‌ఎఫ్) కలపండి, మామూలు స్ప్లిటర్‌ను తిరగేసి వాడితే అనవసరంగా 3.5 డీబీ పోతుంది. మోటారు లేదు, రిమోట్ లేదు, ఒకే స్కాన్‌లో రెండు ఊళ్లూ వస్తాయి. ఖర్చు మొత్తం 60, 80 డాలర్ల మధ్య.

తిరిగేదే కావాల్సిన ఊళ్లు ఉన్నాయి. పెన్సిల్వేనియాలో అలెన్‌టౌన్ చుట్టుపక్కల రాక్స్‌బరో దక్షిణాన, విల్క్స్-బారె దగ్గరి పెనాబ్‌స్కాట్ నాబ్ టవర్లు ఉత్తరాన, స్థానిక స్టేషన్ ఊరి పక్కనే. అలాంటి చోట మంచి యాంటెన్నా ఒకటి, దాన్ని తిప్పే మోటారు, అంటే రొటేటర్, విడిగా ఒకటి కొనడం మేలు. చానల్ మాస్టర్, ఆర్‌సీఏ పేర్లతో వచ్చే రొటేటర్లకు కేబుల్‌తో పాటు మూడు తీగల వైరు వేరే లాగాలి, ధర కూడా చవక యాంటెన్నాకు రెండు మూడు రెట్లు. కానీ యాంటెన్నా ఎటు చూస్తోందో కింద తెలుస్తుంది, మోటారు పోతే మోటారే మార్చుకోవచ్చు.

ఏది పెట్టినా గొట్టాన్ని 10 గేజ్ రాగి తీగతో ఇంటి ఎర్తింగ్‌కు కలపండి, కేబుల్ ఇంట్లోకి వచ్చే చోట దాన్ని ఎర్తింగ్‌కు కలిపే గ్రౌండింగ్ బ్లాక్ పెట్టండి. మోటారు డబ్బా అడుగున నీళ్లు కారే రంధ్రం కిందివైపే ఉండాలి, తలకిందులుగా బిగిస్తే మొదటి మంచుకే లోపల గడ్డకట్టి ప్లాస్టిక్ పళ్లు విరుగుతాయి. మంచు పేరుకున్న రోజు తిప్పే ప్రయత్నం చేయకండి. ఇళ్ల సంఘం వాళ్లు యాంటెన్నా వద్దంటే 1996 నాటి ఎఫ్‌సీసీ (అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ) నిబంధన మీ వైపే ఉంది: మీ సొంత కప్పు మీద, మీకొక్కరికే చెందిన బాల్కనీలో టీవీ యాంటెన్నాను వాళ్లు నిషేధించలేరు. అపార్ట్‌మెంట్ల ఉమ్మడి కప్పుకు మాత్రం అది వర్తించదు, కప్పు మీద 12 అడుగులు దాటే గొట్టానికి టౌన్‌షిప్ అనుమతి అడగవచ్చు.