పీపాలు, ప్యాలెట్లు, ఒక పట్టిక: పెంపుడు జంతువుల ఆహారాన్ని టోకుగా నిల్వ చేయడంపై దీర్ఘకాల సమీక్ష

కుక్కలకు, పిల్లులకు వసతి కేంద్రం నడుపుతున్నాను. దాన్ని ఆనుకునే వాటి ఆహారం అమ్మే దుకాణం కూడా ఉంది. రెండింటికీ సరుకు ఒకే గదిలో ఉంటుంది. ఆ గదిలో ఏళ్ల తరబడి వాడుతున్న వాటి గురించి ఈ సమీక్ష: తిప్పి బిగించే మూతలున్న ప్లాస్టిక్ పీపాలు, సంచులు నేలకు తగలకుండా వాటి కింద వేసే ప్లాస్టిక్ ప్యాలెట్లు, ఉష్ణోగ్రతనూ తేమనూ చూపే మీటరు, చిమ్మటలను పట్టే ఎర అట్టలు, వీటన్నిటి లెక్క చూసే కంప్యూటర్ పట్టిక. కొన్న నెలలోపే రాసే సమీక్షల్లో ప్రతి వస్తువూ మెరుస్తూనే కనిపిస్తుంది. ఎండలు, వానలు చాలాసార్లు వచ్చిపోయాక ఏది నిలిచిందో చెప్పడం నా ఉద్దేశం.

తీర్పు ముందే చెబుతాను. పీపాలు మంచివి, మళ్లీ కొంటాను. అయితే నా సరుకు చెడకుండా కాపాడుతున్న వాటిలో మొదటి స్థానం పట్టికదే. గదిలోకి వచ్చిన సంచి ఎన్నాళ్లలో ఖాళీ అవుతుందన్న లెక్క తప్పితే, ఎంత బిగుతైన మూత ఉన్నా ప్రయోజనం లేదు.

ఎందుకంటే పొడి ఆహారం ధాన్యం లాంటిది కాదు. చూడటానికి ఎండు గింజల్లా ఉంటుంది కాబట్టి బియ్యంలా ఎన్నాళ్లయినా నిలుస్తుందని చాలామంది అనుకుంటారు. తయారీలో పిండి ముద్దను వేడితో, ఒత్తిడితో అచ్చులోంచి తోసి, గుళికలుగా కోసి, ఆరబెట్టి, ఆ తర్వాత వాటిపై కొవ్వునూ రుచి ద్రవాలనూ చల్లుతారు. అంటే కొవ్వులో చాలా భాగం గుళిక పైపొర మీదే ఉండి గాలికి నేరుగా తగులుతుంది. గుళికలో తేమ సుమారు 10 శాతమే కాబట్టి బూజు పట్టడానికి సమయం పడుతుంది, కొవ్వు మాత్రం అంతకంటే చాలా ముందే ముక్కిపోవడం మొదలవుతుంది. వేడి, వెలుతురు, ఆక్సిజన్ మూడూ దాన్ని తొందరపెడతాయి. కొవ్వు ముక్కిపోకుండా ఆపడానికి బీహెచ్ఏ, బీహెచ్‌టీ లాంటి కృత్రిమ నిరోధకాలు వాడిన ఆహారం కంటే టోకోఫెరాల్స్ లాంటి సహజ నిరోధకాలు వాడినది సాధారణంగా తక్కువ కాలం నిలుస్తుంది. కాబట్టి గడువు తేదీతో పాటు సంచి వెనక సన్నటి అక్షరాల్లో ఉండే నిరోధకం పేరు కూడా చదువుతాను. విటమిన్లూ కాలంతో పాటు తగ్గుతాయి. పిల్లుల విషయంలో థయమిన్ (బీ1 విటమిన్) తగ్గడం చిన్న సంగతి కాదు, అది లోపిస్తే నరాలు దెబ్బతింటాయి.

ఇక పీపాల సంగతి. ఆహార పదార్థాలకు పనికివచ్చే హెచ్‌డీపీఈ ప్లాస్టిక్‌తో చేసినవి, లోపలికి వెలుతురు పోనివి తీసుకున్నాను. పారదర్శకమైన డబ్బాలు దుకాణంలో అందంగా కనిపిస్తాయి కానీ, వెలుతురు కొవ్వుకు శత్రువు కాబట్టి నేను వాటి జోలికి పోను. 15 కిలోల సంచికి దాదాపు 40 లీటర్ల చోటు కావాలి. 60 లీటర్ల పీపాలో సంచిని అలాగే నిలబెట్టి, మూతి మడిచి, పైన మూత బిగించవచ్చు. మూతి వెడల్పు మాత్రం కొనే ముందే టేపుతో కొలవాలి, ఎన్ని లీటర్లన్నది చూసి కొంటే సంచి లోపలికి దిగకపోవచ్చు.

సంచితో పాటే పీపాలో పెట్టాలన్నది నేను గట్టిగా చెప్పే మాట. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా పొడి ఆహారాన్ని అసలు సంచిలోనే ఉంచమని చెబుతుంది. సంచి లోపలి పొర కొవ్వును ఆపేలా తయారైనది. గుళికలను నేరుగా పీపాలో పోస్తే కొవ్వు ప్లాస్టిక్ గోడకు పడుతుంది. దాన్ని కడిగి ఆరబెట్టకుండా కొత్త సరుకు పోస్తే, పాత కొవ్వు వాసన తాజా గుళికలకు మొదటి రోజే అంటుకుంటుంది. అంతకంటే ముఖ్యమైనది, సంచి పారేస్తే బ్యాచ్ నంబరు, గడువు తేదీ దానితో పాటే పోతాయి. 2007లో ఉత్తర అమెరికాలో గోధుమ గ్లూటెన్‌లో మెలమైన్ అనే పారిశ్రామిక రసాయనం కలిసి కుక్కలు, పిల్లుల మూత్రపిండాలు దెబ్బతిన్నప్పుడు, ఎన్నో రకాల ఆహారాలను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. అలాంటి ప్రకటన వెలువడిన రోజు మన దగ్గరున్న సరుకు అందులోదో కాదో తెలుసుకోవడానికి ఆ నంబరు తప్ప మరో ఆధారం ఉండదు.

పీపాలో బలహీనమైన భాగం మూత కింది రబ్బరు రింగు. రోజూ తీస్తూ వేస్తూ ఉంటే గుళికల పొడి మరల్లోకి, రింగు గాడిలోకి చేరుతుంది. ఆ పొడి కొవ్వుతో కలిసి బంకలా మారుతుంది. అప్పుడు మూత బిగిసినట్టే ఉంటుంది, గాలి మాత్రం లోపలికి పోతూనే ఉంటుంది. చేతికి తెలియదు కాబట్టి నేను కాగితంతో చూస్తాను. రెండు వేళ్ల వెడల్పున్న కాగితపు ముక్కను అంచు మీద పెట్టి మూత బిగించి లాగుతాను. చిరిగితే రింగు బాగుంది. జారి బయటికి వస్తే ఆ చోట రింగు అణిగిపోయింది, లేదా గాడిలో పొడి ఉంది. అంచు చుట్టూ నాలుగైదు చోట్ల ఇలా చూడాలి, ఎందుకంటే రింగు అంతటా ఒకేలా అరగదు.  గాడిని పొడి బట్టతో, మెత్తటి బ్రష్షుతో తుడిస్తే చాలు. తడి బట్టతో తుడిచి వెంటనే మూసేస్తే తేమను మనమే లోపల బంధించినట్టవుతుంది.

పీపా ఎలుకలను ఆపుతుందని అమ్మేవారు చెబుతారు. నేను ఒప్పుకోను. ఎలుక తలచుకుంటే ప్లాస్టిక్‌ను కొరికేస్తుంది. గదిలోకే రానివ్వకపోవడం అసలు పని. చుంచెలుకకు 6 మిల్లీమీటర్ల సందు చాలు, కాబట్టి తలుపు కింద లోహపు పట్టీ వేసి, గొట్టాలు గోడలోకి వెళ్లే చోట ఉక్కు పీచు కూరి సిమెంటు పూశాను. ఎలుకల బెడద నిజంగా ఉన్న చోట ప్లాస్టిక్ పీపాలు కాకుండా జింకు పూత ఉన్న రేకు డబ్బాలు కొనమంటాను.

తెరవని సంచులు ప్యాలెట్ల మీద ఉంటాయి. నేల మీద పెట్టిన సంచి అడుగున చెమ్మ పడుతుంది, అది పైకి కనిపించదు. చెక్క ప్యాలెట్లు తేమ పీల్చుకుంటాయి, వాటి మేకులు సంచులను చింపుతాయి. ప్లాస్టిక్‌వి కడిగి ఆరబెట్టవచ్చు. వీటి మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే: అడుగున చీపురు చేరని గుల్లలు ఉండే నమూనాల్లో రాలిన పొడి చేరి పురుగులకు నివాసం అవుతుంది. పైభాగం చదునుగా, అడుగు తెరిచి ఉన్నవి తీసుకుంటే చీపురు లోపలిదాకా వెళ్తుంది. గోడకూ సరుకుకూ మధ్య 45 సెంటీమీటర్ల ఖాళీ వదలడం గోదాముల్లో పాత నియమం. చోటు వృథా అనిపిస్తుంది గానీ, మనిషి టార్చి పట్టుకుని ఆ సందులో నడిస్తేనే ఎలుకల రెట్టలైనా, చిమ్మటల పోగులైనా కంటపడతాయి. సంచులను మరీ ఎత్తుగా పేర్చడం కూడా నాకు నచ్చదు. కొన్ని సంచులకు గాలి బయటికి పోవడానికి సూది మొన అంతటి రంధ్రాలు ఉంటాయి. అడుగున ఉన్నవి నలిగితే గుళికలు పొడి అవుతాయి, ఆ పొడి వాసన రంధ్రాల గుండా పురుగులను పిలుస్తుంది.

తేమ మీటరును కొన్నవాళ్లలో చాలామంది దాని అంకెను పరీక్షించరు. ఇంట్లోని ఉప్పుతోనే సరిచూడవచ్చు. చిన్న మూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేంత నీళ్లు మాత్రమే చల్లి, మీటరుతో పాటు గాలి చొరని డబ్బాలో ఒక రాత్రి ఉంచాలి. సాధారణ గది ఉష్ణోగ్రతలో లోపలి తేమ 75 శాతానికి చేరి అక్కడ నిలుస్తుంది. నా మీటరు అప్పుడు నాలుగు అంకెలు తక్కువ చూపిస్తుంది, ఆ తేడాను దాని మీదే అంటించి పెట్టాను. ఉష్ణోగ్రత 27 డిగ్రీలు దాటకూడదన్నది ఎఫ్‌డీఏ చెప్పే హద్దు. తేమ 60 శాతం లోపు ఉండేలా చూసుకుంటాను, అంతకు మించి పెరుగుతూ పోతే నిల్వ ఆహారంలో పెరిగే, కంటికి కనిపించని సూక్ష్మ నల్లులకు (మైట్స్) అనువవుతుంది. చర్మ అలర్జీ ఉన్న కుక్కల్లో కొన్నింటికి ఆ నల్లులే పడవు. మీటరును తలుపు దగ్గర కాకుండా గదిలో గాలి ఆడని మూలన, సంచుల ఎత్తులో పెట్టాలి, అసలు సంగతి అక్కడే తెలుస్తుంది.

ఎర అట్టల మీద కొందరు పెట్టుకునే ఆశ తీరదు. వాటిలోని ఆడ చిమ్మట వాసన మగ చిమ్మటలను మాత్రమే రప్పిస్తుంది, కాబట్టి వాటితో పురుగు సంతతి ఆగిపోదు. పెంకు పురుగులు వాటికి అసలు రావు. కానీ కాపలాకు వీటిని మించినవి లేవు. అట్టకు అంటుకున్న చిమ్మట రెక్కల్లో ఒంటి వైపు సగం పాలిపోయిన బూడిద రంగులో, బయటి సగం రాగి రంగులో ఉంటే అది ప్లోడియా, నిల్వ ఆహారాన్ని పాడుచేసే చిమ్మట. అప్పుడు సంచుల కుట్లు, మడతలు ఒక్కొక్కటిగా చూస్తాను. కుట్టు వెంట సన్నటి పట్టు పోగులు, వాటికి అతుక్కున్న పొడి కనిపిస్తే ఆ సంచి ఆ గంటే బయటికి పోవాలి. దీని లద్దె పురుగు పలుచటి ప్లాస్టిక్‌ను కొరుక్కుని వెళ్లగలదు. నా గదిలోకి ఇది వచ్చే దారి చాలాసార్లు పక్షుల గింజలే. అందుకే గింజలను వేరే గదిలో ఉంచుతాను, వచ్చిన ప్రతి చిన్న సంచినీ మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో నాలుగు రోజులకు తగ్గకుండా పెట్టాకే అరలోకి చేరుస్తాను. ఆహారం ఉన్న గదిలో పురుగుమందు చల్లడానికి నేను ఒప్పుకోను.

డబ్బా ఆహారం ఇబ్బంది పెట్టదు. ఉబ్బినవి, అంచు అతుకు దగ్గర సొట్టపడినవి తీసేయాలి. తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టి, కొద్ది రోజుల్లోనే వాడేయాలి.

పట్టికలో ప్రతి బ్యాచ్‌కు ఒక వరుస ఉంటుంది: రకం, బ్యాచ్ నంబరు, వచ్చిన తేదీ, గడువు, సంచుల సంఖ్య, ఎక్కడుంది. ముందు వచ్చింది ముందు పోవాలన్న పద్ధతి ఈ సరుకుకు సరిపోదు. నిన్న వచ్చిన సంచికి పోయిన నెలలో వచ్చినదాని కంటే దగ్గరి గడువు ఉండవచ్చు. కాబట్టి గడువు ముందున్నదే ముందు తెరవాలి. తేదీ ముద్రణ కూడా జాగ్రత్తగా చదవాలి. 05/06 అంటే కొందరి ముద్రణలో మే 6, మరికొందరిలో జూన్ 5. పట్టికలో నెలను అక్షరాల్లోనే రాస్తాను. తెరిచిన సంచికి తెరిచిన తేదీ వేరే ఉంటుంది, దాన్ని సంచి మీద కూడా మార్కర్‌తో రాస్తాం. గడువు ఏడాది ఉన్నా, తెరిచాక ఆరు వారాల్లోపు అయిపోవాలని పెట్టుకున్నాను. అంతలో అయిపోని రకానికి చిన్న సంచులే తెప్పిస్తాను, కిలోకు ఎక్కువ పడినా సరే.

బార్‌కోడ్ చదివే యాప్‌లు కూడా వాడి చూశాను. అమ్మకాలకు బాగా పనికివస్తాయి. అయితే నేను చూసినవాటిలో కొన్ని, ఒకే రకానికి చెందిన రెండు బ్యాచ్‌లను కలిపి ఒకే సంఖ్యగా చూపిస్తాయి. బార్‌కోడ్ రకాన్ని చెబుతుంది, బ్యాచ్‌ను కాదు. బ్యాచ్‌కు, గడువుకు విడిగా గడులు లేని యాప్ ఈ వ్యాపారానికి చాలదు.

ఎంత తెప్పించాలన్నది మరో లెక్క. రోజుకు 12 కిలోలు ఖర్చవుతూ, సరుకు రావడానికి 7 రోజులు పడితే, ఆలస్యానికి మరో 3 రోజులు కలుపుకుని, నిల్వ 120 కిలోలకు దిగినప్పుడు ఆర్డరు పెట్టాలి. వసతి కేంద్రానికి సెలవుల్లో రద్దీ ఉంటుంది కాబట్టి ఆ నెలల్లో రోజువారీ ఖర్చును విడిగా వేస్తాను. టోకు తగ్గింపు చూపించి ఆరు నెలల సరుకు అంటగట్టాలని చూసే సరఫరాదారులకు నా జవాబు ఈ పట్టికే. మూత్రపిండాల జబ్బుకు, అలర్జీకి వైద్యులు రాసే ఆహారాలను వేరే అరలో, వేరే గరిటెతో ఉంచుతాం. ఆ జంతువుల పేర్లు పట్టికలో రకం పక్కనే ఉంటాయి. వాటి ఆహారం ఒక్కపూట కూడా అయిపోకూడదు, మరోదానితో సర్దడానికి వీల్లేదు. పట్టికను నేనింత పట్టుదలగా నడపడానికి పెద్ద కారణం ఆ జంతువులే.

వారానికొకసారి తెరిచిన సంచులన్నిటినీ కాటా మీద పెట్టి, మిగిలిన బరువును పట్టికతో పోలుస్తాం. తేడా వస్తే దొంగతనమని అనుకోనక్కరలేదు. ఎక్కువసార్లు గరిటె నిండుగా తీయడం వల్లే వస్తుంది, అంటే ఎక్కడో ఒక కుక్క అవసరానికి మించి తింటోందని అర్థం. గరిటెల కొలతతో కాకుండా గ్రాముల్లో తూచి పెట్టడం మొదలుపెట్టాక ఆ తేడా బాగా తగ్గింది.

కొత్తగా మొదలుపెట్టేవారు ముందు కాటా, మీటరు, ప్యాలెట్లు కొని, పీపాలను తెరిచి వాడే రకాలకు సరిపడా మాత్రమే తీసుకుంటే చాలు. తెరవని సంచికి పీపా అవసరం లేదు. పీపా కొనేటప్పుడు మూత రింగు విడిగా దొరుకుతుందో లేదో అడగండి. ఏళ్లు గడిచాక నా పీపాల్లో మార్చాల్సి వచ్చిన భాగం అదొక్కటే. రింగు దొరకక ఒక తయారీదారు పీపాలను ఇప్పుడు శుభ్రం చేసే సామాను పెట్టడానికి వాడుతున్నాను.