జింక్ అడిగితే బంగారు కంకి డబ్బా అంటగట్టాడు, మక్క రైతులూ జాగ్రత్త

బస్టాండు ఎదురుగా ఉన్న ఎరువుల షాపు గురించే రాస్తున్నా. ఏ షాపని అడగక్కర్లేదు, యాసంగి మక్క వేసినోళ్ళందరం పోయేది అక్కడికే.

పైరు మోకాలెత్తు కూడా రాకముందే లేత ఆకుల్లో నడి ఈనెకు రెండు పక్కలా తెల్లటి పట్టీలు కనబడ్డాయి. జింక్ లోపం, మనకు కొత్తేం కాదు. జింక్ సల్ఫేట్ ఇవ్వమన్నా. "అన్నా, మీరింకా పాత పద్ధతిలోనే ఉన్నారు. ఇందులో జింకు, బోరాను, సముద్రపు నాచు, అన్నీ ఉన్నాయి. ఒక్కసారి కొట్టండి, కంకి మోచేతి పొడుగు వస్తది" అని అర లీటరు డబ్బాలు ముందు పెట్టాడు. ఒక్కోటి 900. మూడెకరాలకు మూడు. బిల్లు అడిగితే "మన మధ్య బిల్లేందన్నా" అని తెల్ల చీటీ మీద 2,700 గీకి ఇచ్చాడు. మా ఇద్దరిదీ అంత గొప్ప చుట్టరికమని అప్పుడే తెలిసింది.

పట్టీలు పోలేదు. తర్వాత వచ్చిన ఆకులూ తెల్లగానే వచ్చాయి. డబ్బా తిప్పి చూస్తే బంగారు రంగు కంకి బొమ్మ, 'అద్భుత దిగుబడి' అన్న మాట. జింక్ ఎంత శాతమో లేదు, బ్యాచ్ నంబరు లేదు.

ఖాళీ డబ్బా పట్టుకుని పోయా. షాపు నిండా జనం. డబ్బా చేతిలోకి కూడా తీసుకోకుండా "ఇది మా దగ్గరిది కాదు, బిల్లుంటే చూపించు" అన్నాడు. ఆయన తల వెనక అరలో అవే డబ్బాలు, అదే బంగారు కంకి, వరుసగా! వేలు పెట్టి చూపించా. తిరిగి చూస్తే కదా. "నీళ్ళు సరిగ్గా పెట్టుకోక నా మీద పడితే ఎట్లా? పక్కకి జరుగు, గిరాకీ టైం" అన్నాడు. మా నాన్న కాలం నుంచి బస్తా యూరియా కూడా వేరే చోట కొనలేదు మేము. పక్కకి జరగాలంట! నేను జరిగిన జాగాలోకి ఒకాయన వచ్చి అదే డబ్బా కొనుక్కుపోయాడు, అదీ బిల్లు లేకుండానే.

కొనేముందు జింక్ శాతం చూడండి. మామూలు సల్ఫేట్ అయితే 21, చీలేటెడ్ (మొక్క తేలిగ్గా తీసుకునేలా తయారు చేసిన జింక్) అయితే 12. సల్ఫేట్ లీటరుకు 2 గ్రాములు చాలు, ఎకరానికి 200 లీటర్ల నీళ్ళనుకున్నా 400 గ్రాములే, దానికి 900 ఎక్కడివి? పక్కా బిల్లు లేకుండా డబ్బులివ్వకండి.

నా డబ్బా, ఆ చీటీ సోమవారం ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) గారి దగ్గరికి తీసుకుపోతున్నా. ఇదే డబ్బా కొన్నోళ్ళుంటే మీవి కూడా పట్టుకుని రండి.